ఉప్పుగాలి ఊరిలో పాత పాకెట్ కాలిక్యులేటర్ల సేకరణ, పరీక్ష: ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో పాత పాకెట్ కాలిక్యులేటర్లను సేకరించదలచినవారికి లాభమూ నష్టమూ రెండూ సముద్రం నుంచే వస్తాయి. ఓడలలో పనిచేసినవారు సింగపూర్ నుంచీ, జపాను నుంచీ, గల్ఫ్ రేవుల నుంచీ తెచ్చుకున్న యంత్రాలు, షిప్‌యార్డులోనూ రిఫైనరీలోనూ ఇంజనీర్లు రోజూ వాడిన యంత్రాలు ఈ ఊరి బీరువాలలో ఇంకా ఉన్నాయి. ఆ బీరువాలలోకి చొరబడే ఉప్పుగాలి, దానికి తోడు తీయడం మరచిపోయిన సెల్లులు వాటిని లోలోపల తినేస్తూనే ఉన్నాయి. అందువల్ల యంత్రం ఎంత అరుదైనదన్న ప్రశ్న కంటే, దాని లోపల చిలుము ఎంతవరకు పాకిందన్న ప్రశ్నకే ఇక్కడ ముందు చోటు ఇస్తున్నాను. ఒక్క నియమం మొదటే చెప్పాలి: లోపల ఏముందో చూడనిదే ఏ పాత కాలిక్యులేటరుకూ విద్యుత్తు ఇవ్వకూడదు. తర్వాత వచ్చే అడుగులలో చాలావరకు ఈ నియమాన్ని ఆచరణలో పెట్టడానికి ఉద్దేశించినవే.

మొదటి అడుగు: ఏ కాలం యంత్రాలు కావాలో తేల్చుకోవడం

దొరికినదల్లా కొంటూ పోతే అల్మరా నిండుతుంది గాని సేకరణ ఏర్పడదు. కాబట్టి ఈ యంత్రాల చరిత్రను స్థూలంగానైనా తెలుసుకుని అందులో ఒక భాగాన్ని ఎంచుకోవడం మంచిది. 1967లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ, జెర్రీ మెర్రీమన్, జేమ్స్ వాన్ టాసెల్ కలిసి చేతిలో ఇమిడే కాలిక్యులేటరుకు నమూనా తయారుచేశారు. ఆ పరిశోధన ఆధారంగా కెనాన్ సంస్థ 1970లో విడుదల చేసిన పాకెట్రానిక్‌కు తెరే లేదు. జవాబును సన్నటి కాగితపు పట్టీ మీద ముద్రించేది. 1971లో వచ్చిన బిజికామ్ ఎల్‌ఈ-120ఎ నిజంగా జేబులో పట్టిన తొలి యంత్రాలలో ఒకటి. ఆ మరుసటి సంవత్సరం, 1972, సేకర్తలకు అన్నిటికన్నా ముఖ్యమైనది: అమెరికాలో 395 డాలర్ల ధరతో హ్యూలెట్-ప్యాకర్డ్ వారి హెచ్‌పీ-35, బ్రిటన్‌లో పలుచని సింక్లెయిర్ ఎగ్జిక్యూటివ్, జపానులో 12,800 యెన్లకు ఆరంకెల కాసియో మినీ మూడూ ఆ ఏడాదే వచ్చాయి. 1973లో షార్ప్ ఈఎల్-805 ఎల్‌సీడీ తెరను జేబులోకి తెచ్చింది. 1976లో టీఐ-30 పాతిక డాలర్ల లోపే సైంటిఫిక్ కాలిక్యులేటరును విద్యార్థుల చేతికి అందించింది. 1985లో కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ తెర మీద గ్రాఫులు గీసింది. నా లెక్కలో పాతకాలం అక్కడితో ముగుస్తుంది. వేరొకరు ఇంకొంత ముందుకు జరిపినా తగవు పెట్టుకోను.

సంవత్సరాల కంటే తెరను బట్టి విభజించుకోవడం కొత్తవారికి సులువు. ఎర్రటి చిన్న అంకెలు, వాటి మీద బుడగల వంటి ప్లాస్టిక్ కటకాలు ఉంటే అది ఎల్‌ఈడీ. నీలం కలిసిన ఆకుపచ్చ వెలుగుతో గాజు గొట్టంలో అంకెలు కనిపిస్తే అది వీఎఫ్‌డీ. నల్లటి అంకెలు, వెనుక బూడిద రంగు గాని పసుపు రంగు గాని ఉంటే అది ఎల్‌సీడీ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తొలినాటి ఎల్‌సీడీలను పాడుచేసేవి కాబట్టి, 1970ల చివరి యంత్రాలలో కొన్నింటికి పసుపు వడపోత పొర అమర్చారు. ఆ పసుపును మురికి అనుకుని రుద్దకూడదు.

ఈ ఊరివారికి నేను సూచించే విభాగం మరొకటి ఉంది. ఏ సంస్థ తయారుచేసిందన్నది పక్కన పెట్టి, విశాఖలో పని కోసం వాడిన యంత్రాలను సేకరించవచ్చు. అప్పుడు విదేశీ యంత్రాలతో పాటు మన దేశపు ప్రయత్నాలకూ చోటు దొరుకుతుంది. 1970లలో ఢిల్లీలోని డీసీఎం సంస్థకు కాలిక్యులేటర్ల విభాగం ఉండేది. అందులో పనిచేసిన శివ్ నాడార్, ఆయన సహచరులు 1976లో బయటికి వచ్చి మైక్రోకాంప్ పేరుతో కాలిక్యులేటర్లు అమ్మి, ఆ తర్వాతే హెచ్‌సీఎల్‌కు పునాది వేశారు. ఇక విశాఖకు సోవియట్ సంబంధం బలమైనది: నౌకాదళపు జలాంతర్గాములు, 1979 ఒప్పందంతో మొదలైన ఉక్కు కర్మాగారం, వాటి వెంట వచ్చిన నిపుణులు. అందుకని ఎలక్ట్రోనికా బి3-34, ఎంకే-61 వంటి రష్యన్ యంత్రాలు కనబడితే గుర్తుపట్టగలిగి ఉండడం మంచిది. వాటి మీద సిరిలిక్ అక్షరాలు, ఆకుపచ్చ వీఎఫ్‌డీ తెర ఉంటాయి, సమానం గుర్తు బటన్ ఉండదు. సోవియట్ కాలపు అనేక వస్తువుల మీద ఉన్నట్టే వీటి మీద కూడా రూబుళ్లలో ధర అచ్చయి ఉండవచ్చు.

రెండవ అడుగు: వెతకవలసిన చోట్లు, అడగవలసిన తీరు

మంచి యంత్రాలు దుకాణాలలో కంటే ఇళ్లలోనే దొరుకుతాయి. షిప్‌యార్డు, పోర్టు, పూర్వపు కాల్టెక్స్ రిఫైనరీ, బీహెచ్‌పీవీ, రైల్వే, ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట్ల 1970లు, 80లలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారి ఇళ్లు సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మహారాణిపేట ప్రాంతాలలో చాలా ఉన్నాయి. పాత ఇల్లు అపార్టుమెంటు కట్టడానికి బిల్డరుకు ఇస్తున్నప్పుడు సామాన్లు సర్దుతారు. ఒక కాలిక్యులేటరు చెత్తబుట్టకూ సేకర్తకూ మధ్య ఊగిసలాడేది అప్పుడే. అడిగేటప్పుడు ధర మాట మొదట ఎత్తకూడదు. "మేష్టారూ, మీరు సర్వీసులో ఉండగా వాడిన కాలిక్యులేటర్ ఇంకా ఉందాండీ? పనిచేయకపోయినా ఫర్వాలేదండీ" అని అడిగితే, యంత్రంతో పాటు దాని కథ కూడా వస్తుంది. ఆ కథలో ఎవరు తెచ్చారు, ఏ ఏడు, ఏ పనికి వాడారు అన్న మూడు విషయాలు తప్పక రాసుకోవాలి.

గాజువాక, కంచరపాలెం వైపు పాత సామాన్ల కొట్లలో కూడా దొరుకుతాయి గాని అక్కడ ఒక ప్రమాదం ఉంది. పనిచేస్తుందని చూపించాలన్న ఉత్సాహంతో కొట్టువారు చేతికందిన సెల్లును, ఒక్కోసారి తలకిందులుగా, అందులో దూర్చుతారు. "సెల్లు వేయకండి బాబూ, ఎలా ఉందో అలాగే ఇవ్వండి" అని ముందే చెప్పడం మంచిది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో తడిసి అటకెక్కిన సామాన్లు ఇప్పటికీ కొట్లకు వస్తూ ఉంటాయి. స్క్రూల తలల మీద ఎర్రటి తుప్పు, తెర లోపలి అంచున మట్టి గీత కనిపిస్తే అది నీట మునిగిన యంత్రమే అనుకుని బేరమాడాలి.

మూడవ అడుగు: కొనే చోటనే చేయవలసిన పరీక్ష

ఈ పరీక్షకు భూతద్దం, చిన్న టార్చి, వేలిగోరు చాలు. మొదట సెల్లుల మూత తెరిచి చూడాలి. తెల్లటి పొడి ఉంటే ఆల్కలైన్ సెల్లు కారింది. నీలి ఆకుపచ్చ చిలుము ఉంటే ఆ ద్రవం రాగి దాకా చేరింది. స్ప్రింగు ముట్టుకోగానే విరిగిపోతే లోపల ఇంకా ఎక్కువ నష్టం జరిగి ఉంటుంది. తర్వాత యంత్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలి. ఇది విచిత్రంగా అనిపించినా ఉపయోగకరమైన పరీక్ష: ఎల్‌సీడీ తెర మీది పోలరైజరు పొర తేమకు శిథిలమవుతున్నప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, ఈ ఊరి వాతావరణంలో అది అరుదేమీ కాదు.

తెరను ఏటవాలుగా పట్టుకుని వెలుగులో చూడాలి. ఎల్‌సీడీలో ఒక మూల నుంచి నేరేడు రసం ఒలికినట్టు నల్లటి మరక పాకి ఉంటే గాజు పగిలింది, దానిని బాగుచేయలేము. అంకెలలో కొన్ని గీతలు మాత్రమే మాయమైతే ఆశ వదులుకోనక్కరలేదు. తెరకూ సర్క్యూట్ బోర్డుకూ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీ మురికిపట్టినా అలాగే అవుతుంది. వీఎఫ్‌డీ యంత్రమైతే గాజు గొట్టం లోపల వెండి రంగులోనో నల్లగానో మెరిసే ఒక మచ్చను వెతకాలి. లోపలి గాలిని పీల్చుకోవడానికి పూసిన లోహపు పొర అది. ఆ మచ్చ పాలవలె తెల్లబడి ఉంటే గాజులోకి గాలి చొరబడిందని, ఆ తెర ఇక ఎన్నటికీ వెలగదని అర్థం. యంత్రానికి విద్యుత్తు ఇవ్వకుండానే ఇంత కచ్చితమైన తీర్పు చెప్పే పరీక్ష మరొకటి లేదు.

బటన్లను ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. హెచ్‌పీ యంత్రాలలో అక్షరాలు పైన అచ్చు వేసినవి కావు, రెండు రంగుల ప్లాస్టిక్‌తో కలిపి పోసినవి. ఎంత వాడినా చెరగవు. ఇతర చవక యంత్రాలలో ఏ అంకె చెరిగిపోయిందో చూస్తే పాత యజమాని ఏ పని ఎక్కువ చేశాడో ఊహించవచ్చు. చివరిగా స్క్రూలను చూడాలి. వాటి గాడి అరిగిపోయి ఉంటే ఎవరో ఇంతకు ముందే తెరిచారు. వెనుక వైపు యజమాని పేరు గాని, ఉద్యోగి సంఖ్య గాని చెక్కి ఉంటే కొందరు సేకర్తలు ముఖం చిట్లిస్తారు. నా అభిప్రాయం అందుకు పూర్తిగా విరుద్ధం: మచ్చ లేని అట్టపెట్టె సరుకు కంటే, సోల్డరింగ్ ఇనుముతో పేరు కాల్చి రాసుకున్న యంత్రానికే ఈ ఊరి సేకరణలో ముందు వరుస దక్కాలి.

నాలుగవ అడుగు: తెరవడం, శుభ్రపరచడం

ఇంటికి తెచ్చిన యంత్రాన్ని తెరవడానికి ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. వీలైతే చలికాలపు పొడి రోజులలో ఈ పని పెట్టుకోవాలి. శ్రావణ భాద్రపదాల తేమలో తెరిస్తే తడిపిన భాగాలు సరిగా ఆరవు. స్క్రూలు కనిపించకపోతే రబ్బరు కాళ్ల కింద, వెనుక అంటించిన లేబుల్ కింద, సెల్లుల గదిలో వెతకాలి. హెచ్‌పీ-12సీ వంటి యంత్రాలలో అవి నాలుగు రబ్బరు కాళ్ల కిందే ఉంటాయి. లేబుల్‌ను హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడిచేసి మెల్లగా లేపాలి. స్క్రూలే లేని పెట్టెలు కొక్కేలతో మూసినవి; వాటి అంచున పాత ఏటీఎం కార్డు వంటి పలుచని ప్లాస్టిక్‌నే వాడాలి, ఇనుప స్క్రూడ్రైవరు దూర్చితే ఆ గాటు శాశ్వతంగా ఉండిపోతుంది. లోపలి చిప్పులు స్థిరవిద్యుత్తుకు చెడిపోగలవు కాబట్టి ముట్టుకునే ముందు భూమికి కలిసిన లోహపు వస్తువును ఒకసారి తాకడం అలవాటు చేసుకోవాలి.

కారిన ద్రవం ఏ జాతిదో తెలుసుకోకుండా దానిని తుడవకూడదు. చాలామంది వెనిగర్ పూస్తే చాలనుకుంటారు. అది సగమే నిజం. ఆల్కలైన్ సెల్లులలోనూ నికెల్-కాడ్మియం సెల్లులలోనూ ఉండేది క్షారం, దానికి వెనిగర్ గాని నిమ్మరసం గాని సరిపోతుంది. కానీ ఒకప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా వాడిన సెల్లులు, నెల్లూరులో తయారైన నిప్పో, పిల్లి గుర్తు ఎవరెడీ వంటివి, చాలావరకు జింక్-కార్బన్ రకం. వాటి నుంచి కారేది ఆమ్ల స్వభావం గలది. దాని మీద మళ్లీ ఆమ్లం పోస్తే తుప్పుకు తోడు పోసినట్టే. దానికి వంటసోడాను నీటిలో కలిపి వాడాలి. ఏ సెల్లో తెలియనప్పుడు చిటికెడు పొడిని నీటి చుక్కలో తడిపి లిట్మస్ కాగితం తాకిస్తే సరిపోతుంది: ఎర్రది నీలంగా మారితే క్షారం, నీలం ఎర్రగా మారితే ఆమ్లం.

చేతులకు తొడుగులు వేసుకుని, దూది పుల్లను తడిపి, చిలుము ఉన్న చోట మాత్రమే అద్దాలి. బోర్డు మొత్తాన్ని ముంచకూడదు. బుడగలు రావడం ఆగిన తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు తుడిచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాను కింద ఒక పూట ఆరనివ్వాలి. కుళాయి నీరు వాడితే అందులోని లవణాలు మళ్లీ మిగిలిపోతాయి. ఇదే ఆల్కహాల్ తెర మీది పారదర్శక ప్లాస్టిక్‌కు తగలకూడదు. అక్రిలిక్ అయితే సన్నటి పగుళ్లు వస్తాయి. పైపెట్టెకు సబ్బు నీటిలో పిండిన మెత్తటి గుడ్డ చాలు. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఈ గదిలోకే రాకూడదు.

సెల్లుల నుంచి బోర్డుకు వెళ్లే తీగలను ప్రత్యేకంగా పరీక్షించాలి. కారిన క్షారం తీగ పైతొడుగు లోపలి నుంచే, ముఖ్యంగా నల్ల తీగ వెంబడి, ఎగబాకుతుంది. బయటికి మంచిగా కనిపించే తీగను ఒలిచి చూస్తే రాగి నల్లగా మారి, సోల్డరు అంటని స్థితిలో ఉంటుంది. అలాంటి తీగను శుభ్రం చేయబోకుండా మార్చేయడమే మేలు. హెచ్‌పీ-41సీలో సెల్లులను తాకే భాగం పలుచని ఫిల్ము మీది రాగి గీతలే, అవి ఇట్టే తినబడతాయి. కొనేముందు ఆ ఒక్కచోటు చూసుకుంటే చాలు. అయస్కాంతపు కార్డులు చదివే హెచ్‌పీ-65, హెచ్‌పీ-67, టీఐ-59 వంటి యంత్రాలలో కార్డును లాగే రబ్బరు చక్రం కాలం గడిచేకొద్దీ జిగురు ముద్దగా మారుతుంది. దానిని మార్చేదాకా కార్డు పెట్టకూడదు. పెడితే ఆ జిగురు కార్డుకూ చదివే భాగానికీ అంటుకుంటుంది.

పాత నికెల్-కాడ్మియం సెల్లులను కోయకూడదు, రాపిడి పట్టకూడదు. కాడ్మియం విషలోహం. వాటిని ఇంటి చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించాలి. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది గాని నేను దానిని సిఫారసు చేయను. వయసు తెచ్చిన రంగు యంత్రపు పనికి అడ్డు కాదు.

ఐదవ అడుగు: మొదటిసారి విద్యుత్తు ఇవ్వడం

ఎన్ని వోల్టులు కావాలో లేబుల్ చూసి, సెల్లుల గదిలోని ప్లస్, మైనస్ గుర్తులు చూసి నిర్ధారించుకోవాలి. అడాప్టరు గుచ్చే రంధ్రాలను నమ్మరాదు: ఒక సంస్థ నడిమి పిన్నును ప్లస్ చేస్తే మరొకటి మైనస్ చేసింది. హెచ్‌పీ-25 వంటి యంత్రాలలో ప్రమాదం మరీ ఎక్కువ. లోపల మంచి బ్యాటరీ ప్యాకు లేకుండా చార్జరును కలిపితే చిప్పులకు మోతాదు మించిన వోల్టేజి చేరి అవి కాలిపోతాయి. పాత చార్జరు దొరికిందని సంతోషించి ముందు దానినే గుచ్చడం వల్ల బతికున్న యంత్రాలు పోయాయి. చార్జరును అట్టపెట్టెలోనే ఉంచి, అదే పరిమాణపు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లులను విడిగా చార్జి చేసి వేయడం క్షేమం. హెచ్‌పీ-35 ప్యాకులో వరుసగా కలిపిన సెల్లులు మూడే కాబట్టి, దానిని తిరిగి కట్టడం ఓపిక ఉన్నవారికి కష్టం కాదు.

మొదటిసారి సెల్లుకూ యంత్రానికీ మధ్య మల్టీమీటరును కరెంటు కొలిచే స్థితిలో పెట్టాలి. ఎల్‌సీడీ యంత్రం ఒక మిల్లీఆంపియరులో చిన్న భాగం మాత్రమే తీసుకోవాలి. ఎల్‌ఈడీ యంత్రం పదుల మిల్లీఆంపియర్లు తీసుకోవడం సహజం; తొలినాటి పెద్ద యంత్రాలలో అది వంద దాటవచ్చు. తెర వెలగకుండానే మీటరు ముల్లు అంతకు ఎంతో మించి ఎగిరితే వెంటనే సెల్లు తీసి, బోర్డు మీద మిగిలిన చిలుమును, ఎండిపోయిన కెపాసిటర్లను చూడాలి. వీఎఫ్‌డీ యంత్రాలలో తెరకు ఇరవై ముప్పై వోల్టులు తయారుచేసే చిన్న విభాగం ఉంటుంది, చీకటి తెరకు చాలాసార్లు కారణం అదే.

ఆరవ అడుగు: లెక్కలతో పరీక్షించడం

అసలు ఆనందం ఇక్కడ మొదలవుతుంది. ముందుగా 11111111ను 8తో గుణిస్తే తెర నిండా ఎనిమిదులు రావాలి. వెలగని గీత ఏదైనా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత 12345679ని 8తో గుణిస్తే 98765432 వస్తుంది, ఎనిమిదంకెల తెరకు సరిగ్గా సరిపోతుంది. పదంకెల యంత్రమైతే అదే సంఖ్యను 9తో గుణించి తొమ్మిది ఒకట్లు చూడవచ్చు. 99999999కి ఒకటి కలిపితే ఏమవుతుందో, సున్నాతో భాగిస్తే ఏమవుతుందో రాసుకోవాలి. కొన్ని యంత్రాలు తప్పు గుర్తు చూపుతాయి, కొన్ని అంకెలను మినుకుమినుకుమనిపిస్తాయి, తొలినాటి చవక యంత్రాలలో కొన్ని జవాబు దొరకక అంకెలను ఆగకుండా తిప్పుతూనే ఉంటాయి. అప్పుడు కంగారుపడి తెరవనక్కరలేదు, ఆపి మళ్లీ వేస్తే చాలు.

యంత్రపు తర్కాన్ని బయటపెట్టే చిన్న ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. 2 + 3 × 4 అని కొట్టి సమానం నొక్కితే మామూలు యంత్రం 20 అంటుంది, గుణకారానికి ప్రాధాన్యం ఇచ్చే సైంటిఫిక్ యంత్రం 14 అంటుంది. 5 × 3 కొట్టి సమానాన్ని రెండుసార్లు నొక్కితే కొన్నింటిలో 45, కొన్నింటిలో 75 వస్తుంది. మొదటి సంఖ్యను పట్టి ఉంచిందా, రెండవదానినా అన్నది దీనితో తేలుతుంది. శాతం బటన్ పద్ధతి కూడా సంస్థను బట్టి మారుతుంది. రెండు వందలకు పది శాతం కలపడానికి అనేక కాసియో యంత్రాలలో 200 × 10 కొట్టి శాతం, ఆపైన ప్లస్ నొక్కాలి. సమానం బటనే లేని హెచ్‌పీ యంత్రాలలో సంఖ్యలను ముందు ఎంటర్ చేసి ఆ తర్వాతే ప్లస్ నొక్కాలి. ఆ సంగతి తెలియక, పనిచేయడం లేదని ఇటువంటి వాటిని కొట్టులో పడేసినవారు ఉన్నారు. మనకు అది లాభమే.

సైంటిఫిక్ యంత్రాలకు సేకర్తలు వాడే పరీక్ష ఒకటి ప్రసిద్ధం. కోణాలను డిగ్రీలలో ఉంచి 9 కొట్టి వరుసగా సైన్, కాస్, టాన్, ఆ వెంటనే వాటి విలోమాలు ఆర్క్‌టాన్, ఆర్క్‌కాస్, ఆర్క్‌సైన్ నొక్కాలి. గణితం ప్రకారం తిరిగి 9 రావాలి. యంత్రం మాత్రం దశాంశ స్థానాలలో కొంత తేడాతో చూపుతుంది. ఆ తేడా చిప్పులో రాసిన పద్ధతిని బట్టి ఉంటుంది కాబట్టి, వేర్వేరు పేర్లతో అమ్మిన రెండు యంత్రాలు చివరి అంకె దాకా ఒకే జవాబు ఇస్తే లోపల ఒకే రకం చిప్పు ఉందని అనుమానించవచ్చు. వచ్చిన అంకెలన్నీ పూర్తిగా రాసుకోవాలి, సరిచేసి కుదించకూడదు. హెచ్‌పీ-35 దొరికిన అదృష్టవంతులు మరొకటి చూడాలి: 2.02 కొట్టి సహజ లాగరిథమ్, ఆ వెంటనే ఘాతాంకం నొక్కినప్పుడు 2.02 రావలసిన చోట 2 వస్తే అది తప్పు సరిదిద్దక ముందు తయారైన తొలి యంత్రాలలో ఒకటి. ఈ ఒక్క తప్పు వల్లే దాని విలువ పెరుగుతుంది.

ఏడవ అడుగు: వయసు, అసలు-నకలు తేల్చడం

హెచ్‌పీ యంత్రాల క్రమసంఖ్యలో మొదటి రెండంకెలకు 60 కలిపితే సంవత్సరం, తర్వాతి రెండంకెలు వారం. 2213తో మొదలైతే 1982లో 13వ వారం. ఆ వెనుక ఉన్న అక్షరం దేశానిది: ఎ ఉంటే అమెరికా, ఎస్ ఉంటే సింగపూర్, బి ఉంటే బ్రెజిల్. ఓడలవారు తెచ్చినవాటిలో సింగపూర్ అక్షరం ఉందేమో చూడండి. ఇతర యంత్రాలకు చిప్పుల మీది నాలుగంకెల ముద్రే ఆధారం: 7548 అంటే 1975లో 48వ వారం. అయితే చిప్పు రకాన్ని తెలిపే సంఖ్య కూడా 74తో మొదలుకావచ్చు కనుక రెండింటినీ కలగాపులగం చేయకూడదు. లోపలి చిప్పులన్నిటిలో చివరిగా తయారైనది ఏదో దానికంటే యంత్రం పాతది కాజాలదు. హెచ్‌పీ-12సీ 1981 నుంచి దశాబ్దాల తరబడి అదే రూపంలో వస్తున్నందున, రూపం చూసి వయసు చెప్పబోతే మోసపోతాం; మూడు గుండీ సెల్లులు పట్టేది పాతది, నాణెం వంటి పలుచని సెల్లు పట్టేది కొత్తది.

నకళ్లను పట్టడం కష్టం కాదు. బజారులో బాగా అమ్ముడైన జపాను పేర్లలో ఒక్క అక్షరం మార్చిన యంత్రాలు కుప్పలు. సౌర ఫలకం ఉన్నట్టు కనిపించేవాటిలో సెల్లు తీసేసి మంచి వెలుతురులో పెట్టండి. తెర చీకటిగానే ఉంటే ఆ ఫలకం చాలావరకు అలంకారం మాత్రమే. 1972 నాటిదని చెప్పిన ఎల్‌ఈడీ యంత్రం తెరిచినప్పుడు కాళ్లున్న చిప్పులకు బదులు బోర్డు మీద నల్లటి జిగురు బొట్టు కనిపిస్తే ఆ మాట నమ్మనక్కరలేదు.

ఎనిమిదవ అడుగు: ఈ ఊరిలో దాచే పద్ధతి

సెల్లులను లోపల ఉంచి దాచకూడదు, ఒక్క వారానికైనా సరే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో యంత్రాలను పెట్టాలి. రంగు మారగానే ఆ గుళికలను వాటి పొట్లం మీద రాసిన వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు. పురుగులు రాకుండా బీరువాలలో కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో అలవాటు. కాలిక్యులేటర్ల దగ్గర అది పనికిరాదు, ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్కులు, ముఖ్యంగా పాలిస్టైరీన్, మెత్తబడతాయి. అసలు వచ్చిన రెక్సిన్ తొడుగు కూడా శత్రువే: అందులోని మెత్తదనం కోసం కలిపిన పదార్థం బయటికి వచ్చి పెట్టెకు అతుక్కుంటుంది. తొడుగును విడిగా దాచి, యంత్రాన్ని పలుచని నూలుగుడ్డలో చుట్టాలి. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో గాజు అల్మరాలో ప్రదర్శనకు పెట్టదలిస్తే ఎల్‌సీడీ యంత్రాలను ఎండ పడని వరుసలో ఉంచండి.

ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఇచ్చి, దారంతో కట్టిన చీటీ మీద రాయాలి. పెట్టె మీద స్టిక్కరు అంటించకూడదు. రిజిస్టరులో ఆ సంఖ్య ఎదుట తయారీ సంస్థ, నమూనా, క్రమసంఖ్య, చిప్పు ముద్ర, తెర రకం, పట్టిన కరెంటు, తొమ్మిది డిగ్రీల పరీక్షలో వచ్చిన పూర్తి జవాబు, ఎవరి ఇంటి నుంచి వచ్చింది, వారు చెప్పిన కథ, ఆ కథ చెప్పిన తేదీ రాసుకోవాలి. ఇచ్చినవారి పేరు బయటపెట్టడానికి వారి అనుమతి అడిగి, ఆ సంగతి కూడా రాయాలి. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం వెళ్లాక ఒకసారి, వేసవి ముగిశాక ఒకసారి, డబ్బాలు తెరిచి స్ప్రింగుల మీద కొత్త చిలుము వచ్చిందేమో చూసి, ఒక్కొక్క యంత్రానికీ సెల్లు వేసి ఎనిమిదుల పరీక్ష చేసి, సెల్లు తీసి, తేదీ వేయాలి. బాగుచేయలేమని తేలినవాటిని పారేయకుండా విడి డబ్బాలో ఉంచండి. అదే నమూనా మరొకటి దొరికినప్పుడు స్ప్రింగు, మూత, ఒక బటన్ అందులోంచే తీసుకోవలసి వస్తుంది.